గుమ్మం వయసు

చెట్టు వయసు ఎలా కనుక్కుంటారో చెప్పమని ఇప్పటికీ ఎవరో ఒకరు నన్ను పిలుస్తూనే ఉన్నారు. కాలేజీల్లో బోటనీ చదివే పిల్లలు, స్కూళ్లలో సైన్సు ప్రదర్శన పెట్టే టీచర్లు, ఫారెస్టు ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రాళ్లు. ఒక టేకు మొద్దు బల్ల మీద పెట్టి, దుమ్ము తుడిచి, నా చేతికి భూతద్దం ఇస్తారు. పాఠం అయ్యాక వెనక వరసలోంచి ఎవరో "మేడం, ఆ గుమ్మం కేసు చెప్పండి" అంటారు. చెప్తాను. చప్పట్లు కొడతారు. ఇంటికొచ్చి కాళ్లు చాపుకుని కూర్చున్నాక ఆ చప్పట్లు గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది. ఎందుకంటే ఆ కథ నేనెప్పుడూ సగంలోనే ఆపేస్తాను. మా ఆఫీసులో అందరం అక్కడే ఆపేసేవాళ్లం. ఇప్పుడు మోకాళ్లు మాట వినడం లేదు, వేదికలెక్కే ఓపిక లేదు. మిగతా సగం కూడా కలిపి ఒకసారి రాసి పడేస్తే నా పని అయిపోతుంది.

ముందు పాఠం. చిన్నదే, భయపడకండి.

టేకు చెట్టు ఎండాకాలం ఆకు రాల్చేసి నిద్రపోతుంది. తొలకరి పడగానే లేచి గబగబా పెరుగుతుంది. అప్పుడు పెరిగిన చెక్కలో పెద్ద పెద్ద బెజ్జాలుంటాయి. వానలు తగ్గేకొద్దీ పెరుగుదల మందగించి చెక్క బిగువుగా తయారవుతుంది. మళ్లీ నిద్ర. ఒక బెజ్జాల వరస నుంచి ఇంకో బెజ్జాల వరస దాకా ఒక ఏడు. దాన్నే వలయం అంటాం. వానలు బాగా పడిన ఏడు వలయం వెడల్పు, కరువు ఏడు సన్నం. ఇక్కడిదాకా అందరికీ అర్థమవుతుంది. అర్థం కాగానే "అయితే లెక్కపెట్టేస్తే సరి" అంటారు. సరి కాదు నాయనా. లెక్కపెడితే చెట్టు ఎన్నేళ్లు బతికిందో తెలుస్తుంది, ఎప్పుడు బతికిందో తెలియదు. ఫలానా ఆయన అరవై ఏళ్లు బతికి పోయాడంటే, ఏ అరవై ఏళ్లు అని అడగాలి కదా!

దానికి పోలిక కావాలి. పాత చీర ఒకటి రెండు ముక్కలుగా చిరిగిందనుకోండి. ఒక ముక్క అంచుని రెండో ముక్క అంచు పక్కన పెట్టి జరుపుకుంటూ పోతే, పువ్వుకి పువ్వు, గీతకి గీత ఒకచోట కలిసి తీరతాయి. మేం చేసేదీ అదే. ఏ ఏడు కొట్టారో తెలిసిన చెట్ల మొద్దులు చూసి, ఏ ఏటి వలయం సన్నం, ఏ ఏటిది వెడల్పు అని ఒక పొడుగాటి పటం గీసుకుంటాం. వయసు తెలియని చెక్క వచ్చినప్పుడు దాని సన్నాలూ వెడల్పులూ కాగితం పట్టీ మీద గుర్తులు పెట్టుకుని, ఆ పట్టీని పటం వెంట జరుపుతాం. కలిసిందా, చివరి వలయం ఏ ఏటిదో తెలిసిపోతుంది. అన్ని చెట్లూ దీనికి పనికిరావు. తాడికీ కొబ్బరికీ వలయాలే ఉండవు. మామిడిని నమ్మలేం. టేకే అయినా ఇంకో దేశం వానల్లో పెరిగిందయితే మన పటంతో కలవదు.

ఇంకొక్క ముక్క. చెట్టు నడుమ ఉండేది చేవ, పైన ఉండేది తెల్ల చెక్క. తెల్ల చెక్కకి చెదలు పడతాయని వడ్రంగి దాన్ని చెక్కి పారేస్తాడు. దాంతోపాటే చెట్టు ఆఖరి ఏళ్లు కూడా చిత్తుబుట్టలోకి పోతాయి. అందుకని "ఫలానా ఏడుకి ముందు కొట్టింది కాదు" అనే రాస్తాం తప్ప, "ఫలానా ఏడు కొట్టింది" అని రాయం. ఈ వాక్యం ఏ ఆఫీసరుకీ నచ్చదు. పాఠం అయిపోయింది.

మా ఆఫీసు రేవుకి దగ్గర్లో ఉండేది. రేవులోంచి లేచిన ఎర్రటి ఇనపరాయి దుమ్ము కిటికీలు మూసినా ఆగేది కాదు. పొద్దున్నే వచ్చి చెక్క ముక్కలన్నీ తుడుచుకోవడమే మా మొదటి పని. అసలు ఉద్యోగం కలప నాణ్యత చూడటం. కంట్రాక్టరు టేకని తెచ్చింది టేకో కాదో తేల్చి, సంతకం పెట్టి, తిట్లు తినడం. చెట్టు వయసులు మా పెద్దాయన పిచ్చి. గుంటూరు వైపు మనిషి. ఏజెన్సీ అడవుల్లో మొద్దు మొద్దుకీ మోకాళ్ల మీద కూర్చుని ఆయన గీసిన పటం చాపలా చుట్టి బీరువాలో ఉండేది. దాన్ని పరిచిన బల్ల దగ్గరికి టీ గ్లాసుతో వెళితే అంతే సంగతులు. నాతో సమానమైన ఉద్యోగి ఇంకొకడు సింహాచలం కొండ కింద నుంచి బస్సులో వచ్చేవాడు. ఎంత పనైనా చేసేవాడు, నోరు మాత్రం మూతపడేది కాదు. నేను వన్‌టౌన్‌లో పుట్టిన దాన్ని. మా నాన్న మిషను స్కూల్లో డ్రాయింగు మాస్టారు. సన్నగీతలు చూసే కళ్లు ఆయన ఇచ్చినవే.

ఆ రోజుల్లో ఊరి దక్షిణాన భూములన్నీ ఏదో ఒక పనికి తీసుకుంటూ ఉన్నారు. అలా కట్టబోయే ఒక ప్రహరీ గోడ లోపలికి చిన్న మత్స్యకారుల పల్లె ఒకటి వచ్చింది. తేలాల్సింది ఒక్కటే. దొరల కాలం నాటి పాత సర్వేకి ముందునుంచీ అక్కడే ఉన్న ఊరైతే, ఊరందరికీ కలిపి మళ్లీ సముద్రం ఒడ్డునే, తెప్పలు లాక్కోవడానికి వీలున్న చోట స్థలం ఇస్తారు. సర్వే తర్వాత వచ్చి గుడిసెలు వేసుకున్నవాళ్లయితే ఇంటికో ముక్క, కూర్మన్నపాలెం అవతల, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ. సర్వే పటంలో ఆ చోట ఇసుకదిబ్బ అని రాసి ఉంది. పల్లెవాళ్ల దగ్గర ఒక్క కాగితం లేదు. విచారణ చేస్తున్న డిప్యూటీ కలెక్టరు చదువరి. చెక్కని చూసి ఏళ్లు చెప్తారని ఎక్కడో చదివాడట. ఆ పల్లెలో ఒక ఇంటికి పాతకాలపు టేకు ద్వారబంధం ఉందని తెలిసి, దాని వయసు చెప్పమని మాకు రాశాడు.

"కూర్మన్నపాలెంలో సముద్రం ఏదండీ? తెప్పలు బస్టాపులో పెట్టుకుంటారేటి?" అన్నాడు మా సింహాచలం ఆయన జీపులో. ఎవరం నవ్వలేదు.

పల్లెలో తాటాకు ఇళ్లు, మట్టి గోడలు. ఆ ఒక్క ఇంటికి మాత్రం ఇంటికన్నా గొప్ప గుమ్మం. చూరు కిందకి దిగి ఉంది, గుమ్మం కాళ్లు కొంచెం ఇసకలో కూరుకుపోయి ఉన్నాయి. పసుపు రాసి బొట్లు పెట్టిన గడప మీద ఒక ముసలామె అడ్డంగా కూర్చుని అడ్డపొగ పీలుస్తోంది. చుట్ట మండే కొస నోట్లో పెట్టుకుని కూడా ఆవిడ మాట స్పష్టంగా వినపడేది.

"ఏటమ్మా, నా గుమ్మం కోసేత్తారా?"

"కొయ్యమమ్మా, చూస్తాం, అంతే" అన్నాను.

"సూడ్డానికి రంపమెందుకు తెచ్చేరు?"

మా సింహాచలం ఆయన రంపాన్ని వీపు వెనక దాచుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది.

"ఓలమ్మో! గడప మీద కాలెడితేనే ఊరుకోను నాను, రంపమెడతారా? గుమ్మమంటే ఏటనుకున్నారు? ఈ గుమ్మంలోంచి ఎంతమంది కోడళ్లు లోపలికొచ్చేరు, ఎన్ని పీనుగులు బయటికెల్లేయి! సదూకున్నోళ్లకి ఆపాటి తెల్దేటి?"

"ఈ ముసల్ది మన పీక తినేత్తాది, బండి తిప్పు బావా" అని డ్రైవరుతో మెల్లగా అన్నాడు మా ఆయన. (మా ఆయనంటే మా సింహాచలం ఆయన. మా ఇంటాయన పోస్టాఫీసు.) ఆవిడకి అదీ వినపడింది. "తిప్పు తిప్పు, బేగి తిప్పు" అంది.

ఊరి పెద్ద ఒకడు పరిగెత్తుకొచ్చి బతిమాలాడు. కొడుకులు వచ్చారు. చివరికి ఒప్పందం కుదిరింది. గుమ్మం పై అడ్డకర్ర కొసలు గోడ లోపలికి పోయి ఉంటాయి కదా, ఒక కొస దగ్గర మట్టి తీసి, పదునైన బ్లేడుతో గోటి మందం గీకి, భూతద్దంతో చూసుకుంటాం. కొయ్యం. అయిపోయాక మట్టి మేమే మెత్తాలి, పసుపు ఆవిడ రాస్తుంది. "రాసేదాకా నిల్చోండి, పారిపోకండి" అంది.

గీకిన చోట కొబ్బరినూనె చుక్క రాస్తే వలయాలు చక్కగా తేలాయి. అదృష్టం చూడండి, ఒక మూల వడ్రంగి బాడిస తగలక తెల్ల చెక్క కొంచెం మిగిలిపోయింది. అంటే చెట్టు ఆఖరి ఏళ్లు దాదాపుగా మా చేతిలో ఉన్నట్టే. నేను కాగితం పట్టీ మీద గుర్తులు పెట్టుకుంటుంటే ముసలామె వచ్చి నా భుజం పక్కన నిలబడింది. "ఏటి కనపడతంది? నన్నూ సూడనీ" అని భూతద్దం లాక్కుంది. మీకు చెప్పిన పాఠమే ఆవిడకీ చెప్పాను, చీర అంచుతో సహా. చెప్పేసరికి ఆడవాళ్లందరూ మూగారు. నా ఉద్యోగంలో అంత బాగా విన్న క్లాసు ఇంకొకటి లేదు.

"ఈ సన్నగీతేటి?"

"ఆ ఏడు వానల్లేవు."

"సేపలు పడ్డాయో నేదో సెప్తాదా?"

"చెప్పదు."

"ఆకలేసిందో నేదో?"

"అదీ చెప్పదమ్మా."

"మరేటి సెప్తాదే ఇది!" అని ఆడవాళ్లు విరగబడి నవ్వారు. ఆవిడ నవ్వలేదు. కొసని వేలితో తడిమి, "దీన్ని కొట్టీసినప్పుడే ఆకరి గీత. తరవాత ఏటి జరిగినా దీనికి తెల్దు. అంతే కదా?" అంది. అంతే అన్నాను. "ఇది రంగం టేకమ్మా. మా మాంగారి తాత రంగంలో కూలికెల్లి, ఓడ మీద తెచ్చినాడు. ఆ మాట రాసుకో" అంది.

రంగం అంటే రంగూన్. బర్మా టేకయితే మా పటం దానికి పనికిరాదు.

ఇంకొకటి కూడా చూశాను. గుమ్మం నిలువు కమ్మీ మీద తలుపు బందులు బిగించిన బెజ్జాలు మూడు చోట్ల ఉన్నాయి. ఇప్పుడు బందులున్న చోటు కాక, మిగతా రెండూ చీలలు కొట్టి పూడ్చేసిన పాతవి. పైన మట్టిలోంచి బయటపడ్డ కొసకి పాత సున్నం అంటుకుని ఉంది. ఈ ఇంటి గోడకి సున్నం లేదు. "ఇవేంటి?" అన్నాను. "తలుపులు మార్సినామండి" అన్నాడు ఊరి పెద్ద, నా మాట పూర్తి కాకుండానే. "తలుపులు మార్చుంటారు మేడం" అన్నాడు మా సింహాచలం ఆయన కూడా. మాకందరికీ వ్యవసాయం చేసేవాళ్ల ఇళ్ల లెక్కే తెలుసు. ఇల్లు పడిపోయినా గుమ్మం అక్కడే నిలబడి ఉంటుంది. గుమ్మం నడుస్తుందని మా ఎవరి బుర్రకీ తట్టలేదు.

ఆఫీసుకొచ్చి పెద్దాయనకి రంగం మాట చెప్తే ఆయన మొహం మాడిపోయింది. అయినా పటం పరిచి, పట్టీ పెట్టి జరపడం మొదలుపెట్టాడు. జరిపాడు, జరిపాడు, తిట్టుకున్నాడు, మళ్లీ మొదటినుంచి జరిపాడు. ఒకచోట ఆగిపోయాడు. నన్ను పిలిచి చూడమన్నాడు. సన్నానికి సన్నం, వెడల్పుకి వెడల్పు, కరువు ఏళ్ల జంటతో సహా కలిసింది. మన అడవి టేకే. మన కొండల చెట్టే. ఆయన ఆనందం చూడాలి! చేతిలో టీ గ్లాసుతోనే పటం చుట్టూ తిరిగాడు. చెట్టు కొట్టిన కాలం పాత సర్వేకంటే బాగా ముందు.

"అయితే ముసల్దాని తాతమావ కోతలు కోసినాడన్నమాట" అన్నాడు మా సింహాచలం ఆయన. అలా అనడం అన్యాయం. ఈ ఒడ్డున ఆ రోజుల్లో మంచి కలప ఏదైనా రంగం టేకే అనేవాళ్లు. కానీ రిపోర్టులో రాయాల్సింది రాయాలి కదా. "ఇది బర్మా టేకు అని ఇంటివారు చెప్పినది సరికాదు" అని ఒక వాక్యం టైపు చేయించాం. ఆ వాక్యం ఎక్కడికి పోయి తగులుతుందో మాకేం తెలుసు.

విచారణ రోజు కూర్మన్నపాలెం దగ్గర ఒక స్కూలు వరండాలో బల్ల వేశారు. పల్లె మొత్తం ఉతికిన బట్టల్లో వచ్చి ఎండలో కూర్చుంది. వేటకి వెళ్లకుండా ఆ రోజు అందరూ అక్కడే. ముసలామె ముందు వరసలో ఉంది. ఆఫీసరుని చూసి చుట్ట తీసి చెంగులో ముడేసింది.

డిప్యూటీ కలెక్టరు చెడ్డవాడు కాదు. ఆ మాట మొదటే చెప్పాలి. కళ్ల కింద నల్లచారలు, పక్కన గుట్టలుగా ఫైళ్ల కట్టలు. మా పెద్దాయన పక్కన కూర్చోగా నేను పాఠం చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. విన్నవాడు కాబట్టే అడగాల్సిన ప్రశ్న అడిగాడు.

"బాగుందమ్మా. చెట్టు ఎప్పుడు కొట్టారో తేల్చారు. ఆ గుమ్మం ఈ చోటే ఉందని ఏముంది? ఇంత గుడిసెకి అంత గుమ్మం ఏమిటి? ఎక్కడో పాత ఇల్లు కూలిస్తే కొనుక్కొచ్చి పెట్టుకున్నారేమో."

ప్రశ్న నన్ను అడిగాడు. జవాబు ముసలామె చెప్పింది. అప్పటికే లేచి నిలబడింది.

"కొనుక్కొచ్చామా? ఒకలింటి గుమ్మం మేం కొనుక్కొచ్చామా? బాబూ, తెలిస్తే మాటాడు, తెల్దంటే అడుగు. నాను కాపరానికొచ్చింది ఆ గుమ్మంలోకే. మాయత్త కాపరానికొచ్చింది ఆ గుమ్మంలోకే. ఇయ్యాల ఓడలు ఆగతన్నాయే, ఆ నీళ్లల్లో ఉండీది మా ఊరు. తవ్వుతాం లెగండన్నారు. ఇల్లు ఒగ్గీసినాం, గుమ్మం మోసుకొచ్చినాం, పెళ్లికూతుర్ని మోసినట్టు! కొండ కింద కాలవ పక్కనెట్టుకున్నాం. గోడలకి సున్నం కూడా ఏసుకున్నాం. ఆణ్నించీ లెగమన్నారు. మళ్లీ మోసినాం. అప్పుడు నా సంకలో పెద్దోడున్నాడు. గుమ్మం ఒగ్గీసి ఎల్లీవోడు మాలో మనిసే కాదు. ఇల్లంటే తాటాకు, గాలొస్తే పోతాది. గుమ్మం పోతే వమిసం పోయినట్టే. ఆణ్నించి ఇక్కడికొచ్చి..."

అక్కడ ఆగింది. వెనక నుంచి "ఓలమ్మా, ఊరుకోవే!" అని పెద్ద కొడుకు గొంతు చీలిపోయినట్టు అరిచాడు. ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. ఎండలో కూర్చున్న మొహాలన్నీ చూసింది. తను ఏం చేసిందో అప్పుడు అర్థమైంది ఆవిడకి. సంకలో కొడుకున్నప్పుడు వచ్చారంటే సర్వే తర్వాతే వచ్చారు; సర్వే ఆ కొడుకు పుట్టకముందుది. సర్వే పటం అబద్ధం ఆడలేదు, అప్పుడిక్కడ ఇసుకదిబ్బే. రెండుసార్లు లేపినవాళ్లు వీళ్లకి ఏ కాగితమూ ఇవ్వలేదు. ఎన్నిసార్లు లేపారు అనే గడి ఆ డిప్యూటీ కలెక్టరు ఫారంలో లేదు.

ఆయన కలం మూత పెట్టాడు. తర్వాత నా వైపు తిరిగి, నెమ్మదిగా, ఒక్కో మాటా తూచినట్టు అన్నాడు.

"నేనింకా ఏమీ రాయలేదమ్మా. రంగం టేకని ఈమె చెప్పింది. కాదని మీ రిపోర్టే అంటోంది. అంటే ఈమెకి జ్ఞాపకం సరిగా లేదని మీరే తేల్చారు. వయసు మీద పడింది. ఇప్పుడు చెప్పింది కూడా మతి చెదిరి చెప్పిందని అనుకోవచ్చా? గుమ్మం చోట్లు మారిందనడానికి మీ పరీక్షలో గుర్తులేమైనా కనిపించాయా?"

ఆయన వాళ్లని గట్టెక్కించాలనే చూస్తున్నాడు. నేను "లేదు సార్" అంటే చాలు. ఊరు ఊరంతా సముద్రం ఒడ్డున ఉంటుంది. కళ్ల ముందు మూడు చోట్ల బందుల బెజ్జాలు కనపడుతున్నాయి, కొసకి అంటుకున్న సున్నం కనపడుతోంది. ఆవిడ చెప్పినదాంట్లో ఒక్క ముక్క తప్పులేదని బల్ల దగ్గరున్నవాళ్లలో నాకు మాత్రమే తెలుసు. మా పెద్దాయన బల్ల కింద నా కాలు తొక్కాడు. ఎందుకు తొక్కాడో, చెప్పమనో వద్దనో, తర్వాత ఆయనా చెప్పలేదు. నోరు తెరిచాను. ఏం చెప్పబోయానో దేవుడి సాక్షిగా ఇవాళ్టికీ నాకు తెలియదు.

"ఆయమ్మినేటి అడుగుతావు బాబూ" అంది ముసలామె. "నన్నడుగు. నాకు మతి నేదు."

"అమ్మా, మీరు..."

"రాయి బాబూ. ముసల్దానికి మతి పోనాది, ఏటేటో వాగతంది, అని రాయి. ఈ గుమ్మం ఇక్కడిదే. మేం ఇక్కడోళ్లమే. ఎక్కడెయ్యాలి యేలుముద్ర?"

గుమాస్తా కాగితం నింపి చదివి వినిపించాడు. జ్ఞాపకశక్తి లేనిదాన్ని, ఇంతకుముందు చెప్పినది నిజం కాదు, అని. ఆవిడ చివరిదాకా విని, వేలిముద్ర వేసి, బొటనవేలు జుట్టుకి తుడుచుకుంది. ఎవరి వైపూ చూడలేదు. పోయి తన చోట కూర్చుంది. పక్కనున్న ఆడవాళ్లు కొంచెం జరిగి చోటిచ్చారు.

పల్లెకి ఒడ్డున స్థలం వచ్చింది. మా ఆఫీసుకి పేరొచ్చింది. నోరులేని చెక్క సాక్ష్యం చెప్పి ఒక ఊరిని నిలబెట్టిందని మా పెద్దాయన ఎక్కడ మీటింగు జరిగినా చెప్పేవాడు. ఆయన వెళ్లిపోయాక ఆ పని నాకొచ్చింది. నేనూ అక్కడే ఆపి చప్పట్లు కొట్టించుకున్నాను. రిపోర్టులో ఒక్క అక్షరం అబద్ధం లేదు, అందుకే దాన్ని తల్చుకుంటే మరీ నీరసం. నిజాలన్నీ మావైపు, మతి లేకపోవడం మాత్రం ఆవిడ వైపు.

ఆ తర్వాత వేసవిలో ఒక ఆదివారం, చర్చి అయ్యాక, సొంత పని మీద ఆ కొత్త పల్లెకి వెళ్లాను. ఆఫీసు పని కాదు. పాత ఊళ్లు రెండూ ఎక్కడుండేవి, గుమ్మాన్ని ఎవరెవరు మోశారు, ఆవిడ నోటి వెంట విని ఉంచుకోవాలనిపించింది. ఎవరికీ చూపించే ఉద్దేశం లేదు. ఆవిడతో పాటే అది పోతుందేమోనని నా బెంగ.

గుమ్మం అప్పుడే నిలబెట్టారు. కొత్త మట్టి గోడ ఇంకా ఆరలేదు. నిలువు కమ్మీ మీద నాలుగో చోట కొత్త బందులు బిగించి ఉన్నాయి. ఆవిడ గడప పక్కన నీడలో కూర్చుని వలకి ముడులేస్తోంది. నన్ను గుర్తుపట్టింది. "ఒచ్చేవా పాపా, కూకో" అంది. మంచినీళ్లు తెప్పించింది.

"ఆ రోజు చెప్పావు కదమ్మా, మొదటి ఊరు, తర్వాత కొండ కింద ఊరు. నాకు మొత్తం చెప్పు. గవర్నమెంటుకి ఇవ్వను, ఒట్టు" అన్నాను.

చుట్ట నోట్లోంచి తీసింది. "నాకేటి తెల్దమ్మా."

"నీకన్నీ గుర్తున్నాయి. నాకు తెలుసు. ఆ బెజ్జాలు నేను చూశాను."

"సూసేవా?" అని నా మొహంలోకి చూసింది. కళ్లలో ఒక్క క్షణం పాత పొగరు వెలిగింది. చెప్పేస్తుందనుకున్నాను. మళ్లీ వల మీదకి వంగింది. "గురుతుంటే మాత్రం? మతి నేదని యేలుముద్ర ఏసినాను కదా. ఆ మాట మీద ఆ బాబు మాకు సముద్రం ఇచ్చినాడు. ఇచ్చినాక ఇప్పుడు గురుతొచ్చిందంటే ఏటవుతాది? ఒకసారి ముద్రేసినాక ఎనక్కి తీసుకుంటారేటి?"

"నాకొక్కదానికే చెప్పమ్మా."

"మా మనవల గుంటలకే సెప్పనేదు, నీకేటి సెప్తాను?" అంది. కోపంగా కాదు.

లోపల్నుంచి కోడలు వచ్చింది. చేతిలో చేపల గంప. నన్ను చూసి, మా మాటలు కొంచెం విన్నట్టుంది, అత్తగారి భుజం మీద చెయ్యి వేసి నాతో ఎంతో మర్యాదగా అంది.

"పాత ఇసయాలు అడక్కండమ్మా. మాయత్తకి మతి నేదు."

ముసలామె అవునన్నట్టు తలూపి, చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకుంది.